అడకత్తెరలో పోకచెక్కలన్నీ జట్టు కడితే అడకత్తెర ఆగుతుందా?

సందేహాలరావు:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్ర తొలుస్తున్న ప్రశ్న ఇది. చిన్న దేశాలు కలిసి ఏదో ఒక ప్రాంతీయ కూటమి పెట్టుకుంటాయి. ఏటా సమావేశం, ఒకే రకం చొక్కాల్లో ఫొటో, చివర్లో ఎవరికీ అర్థం కాని ఒక ప్రకటన. 2012 జులైలో కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) విదేశాంగ మంత్రులకు ఆ ప్రకటన కూడా కుదరలేదు. దక్షిణ చైనా సముద్రం గురించి ఏం రాయాలన్న దగ్గర బండి ఆగిపోయింది. 45 ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి.

పెద్ద దేశం ఒక చిన్న దేశానికి విడిగా ఇవ్వనిది జట్టుకు ఇచ్చిన సందర్భం ఒక్కటి చూపించండి. "సంప్రదింపుల వాతావరణం" లాంటి మాటలు వద్దు. డబ్బో, సంతకమో, చేతికి తగిలేది కావాలి.

తెరచాప:
డబ్బూ సంతకమూ రెండూ ఉన్న కథ చెప్తాను రావు గారూ. చేపల కథ.

1984లో సోలమన్ దీవులు జనెట్ డయానా అనే అమెరికా పడవను పట్టుకున్నాయి. అనుమతి లేకుండా తమ జలాల్లో ట్యూనా పడుతోందని ఆరోపణ. ట్యూనా ఒకచోట నిలిచే చేప కాదు, సముద్రాలు దాటి తిరిగేది, కాబట్టి తీర దేశాలకున్న 200 నాటికల్ మైళ్ల హక్కు దానికి వర్తించదన్నది అప్పట్లో అమెరికా వాదన. పడవను పట్టుకున్నందుకు సోలమన్ చేపల దిగుమతిని అమెరికా ఆపేసింది. ఇటు చూస్తే చిన్న దీవులు, అటు చూస్తే అంత పెద్ద మార్కెట్. మామూలుగా అయితే కథ ఇక్కడే ముగియాలి.

1985లో కిరిబాటి (రాసేది అలా, పలికేది కిరిబాస్) పోయి సోవియట్ యూనియన్‌తో చేపల ఒప్పందం చేసుకుంది. కొంతకాలానికి వనువాటు కూడా అదే పని చేసింది. పసిఫిక్‌లో సోవియట్ పడవలు తిరుగుతాయి అనేసరికి వాషింగ్టన్‌కు నిద్ర పట్టలేదు. అప్పటికే దీవులన్నీ 1979లో ఫోరమ్ ఫిషరీస్ ఏజెన్సీ పెట్టుకుని, బేరానికి బల్లకు ఒకే వైపు కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నాయి. 1987లో పోర్ట్ మోర్స్‌బీలో అమెరికా ఆ దీవులన్నిటితో కలిపి ఒకే ట్యూనా ఒప్పందం మీద సంతకం పెట్టింది. "మీకు హక్కే లేదు" అన్న దేశమే ఫీజు కట్టడానికి ఒప్పుకుంది.

మిగతాది రాత్రికి రాస్తాను, అసలు రుచి అందులోనే ఉంది.

కొసమెరుపు:
జట్టు బలం అంటున్నారు గానీ, ఇందులో నాకు కనిపించింది ఒక్క కిరిబాటి చేసిన చిలిపి పని. రష్యా బూచిని చూపించి అమెరికాను లాగింది. కూటమి ఎక్కడుంది?

తెరచాప:
మంచి పట్టు పట్టారు. బూచిని చూపించింది ఒకరే, నిజం. కానీ అమెరికా అప్పుడు కిరిబాటికి మాత్రమే విడిగా డబ్బిచ్చి ఊరుకోవచ్చు కదా? అలా ఎందుకు చేయలేకపోయిందంటే బేరం అప్పటికే ఉమ్మడి బల్ల మీదకు వచ్చేసింది. ఒకరి అల్లరి లాభం అందరికీ పంచే గొట్టం కూటమి.

సరే, రెండో అంకం. దూరదేశాల చేపల కంపెనీలు దశాబ్దాలుగా ఆడిన ఆట ఒకటే: "నీ ధర ఎక్కువ, పక్క దీవికి పోతాం." చేప ఎలాగూ ఈదుకుంటూ పక్క దీవి జలాల్లోకి వస్తుంది. అందుకని ప్రతి దీవీ ధర తగ్గించుకుంటూ పోయేది. 1982లో ఏడు దేశాలు నౌరు ఒప్పందం చేసుకున్నాయి: మైక్రోనేషియా సమాఖ్య, కిరిబాటి, మార్షల్ దీవులు, నౌరు, పలావు, పపువా న్యూగినీ, సోలమన్ దీవులు. తర్వాత తువాలు కూడా చేరి ఎనిమిది అయ్యాయి. ప్రపంచంలో పట్టే స్కిప్‌జాక్ ట్యూనాలో దాదాపు సగం వీళ్ల జలాల్లోనే దొరుకుతుంది. అయినా పాతికేళ్లు పెద్దగా రాబడి లేదు.

2007 నుంచి పద్ధతి మార్చారు. చేపల బరువును బట్టి కాకుండా "పడవ రోజులు" (ఒక పడవ ఒక రోజు చేపలు పట్టుకునే హక్కు) అమ్మడం మొదలుపెట్టారు. ఏడాదికి మొత్తం ఇన్ని రోజులే అని పరిమితి, వాటిని ఎనిమిది మంది పంచుకుంటారు, రోజుకు కనీస ధర ఇంతకు తగ్గకూడదు. 2015 నుంచి ఆ కనీస ధర 8,000 డాలర్లు. 2010 ప్రాంతంలో అందరికీ కలిపి ఏడాదికి 6 కోట్ల డాలర్లు వచ్చేది, పదేళ్లలో అది 50 కోట్ల దరిదాపులకు చేరింది. తువాలు జనాభా పది వేల దరిదాపుల్లోనే. ఆ ప్రభుత్వానికి ఈ డబ్బు ఎంతో ఊహించుకోండి.

నాకు బాగా నచ్చిన ఎత్తు ఇంకొకటి ఉంది. ఈ దేశాల జలాల మధ్య ఎవరికీ చెందని అంతర్జాతీయ జలాల మడుగులు కొన్ని ఉన్నాయి. వాటిని మూసే అధికారం వీళ్లకు లేదు. 2008లో ఏం చేశారంటే, "మా లైసెన్సు కావాలంటే ఆ మడుగుల్లో వల వేయకూడదు" అని లైసెన్సులోనే షరతు రాసేశారు. తమది కాని సముద్రాన్ని తమ కాగితంతో మూసేశారు!

సందేహాలరావు:
అద్భుతం. ఒప్పుకున్నాను, ఇది చేతికి తగిలేదే. ఈ పద్ధతి మిగతా చోట్ల ఎందుకు పని చేయదు మరి?

గుడ్లగూబ:
ఎందుకంటే చేప చేపే, సైన్యం సైన్యమే. తెరచాప గారి ఉదాహరణలో అవతలివాడికి కావలసిన సరుకు వీళ్ల చేతిలో ఉంది. అవతలివాడికి కావలసింది మీ నేలే అయితే?

1934 సెప్టెంబరులో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా జెనీవాలో బాల్టిక్ ఆంటాంట్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. విదేశాంగ విధానంలో ఒకరినొకరు సంప్రదించుకోవాలి, ఏడాదికి రెండుసార్లయినా మంత్రులు కలవాలి. కాగితం మీద ముచ్చటగా ఉంది. 1939లో స్టాలిన్ ఆ ముగ్గురినీ ఒకే గదిలోకి పిలవలేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా మాస్కోకు పిలిపించాడు. ఎస్టోనియా సెప్టెంబరు 28న సంతకం పెట్టింది, లాత్వియా అక్టోబరు 5న, లిథువేనియా అక్టోబరు 10న. పన్నెండు రోజుల్లో మూడు దేశాల్లోకీ సోవియట్ స్థావరాలకు దారి తెరుచుకుంది. మరుసటి వేసవికి దేశాలే లేవు.

ఇందులో అసలు పాఠం వేరే చోట ఉందని నా అభిప్రాయం. 1934 ఒప్పందంలోనే ఒక కన్నం ఉంది: కొన్ని "ప్రత్యేక సమస్యల్లో" ఉమ్మడి వైఖరి కష్టమని రాసుకున్నారు. అంటే విల్నియస్ గొడవ (పోలండ్ చేతిలో ఉన్న ఆ నగరం తమదని లిథువేనియా వాదన). లిథువేనియాకు పోలండ్‌తో తగాదా, మిగతా ఇద్దరికీ అందులో తల దూర్చడం ఇష్టం లేదు. 1939లో స్టాలిన్ లిథువేనియాకు వేసిన ఎర ఏమిటో తెలుసా? అదే విల్నియస్. ఒప్పందంలో ఎక్కడ కన్నం వదిలారో సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు.

చలిచీమలు పామును చంపుతాయని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. పాము ఒక్కో చీమనూ విడిగా పిలిచి మాట్లాడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

నీలికలువ:
గుడ్లగూబ గారూ, ఆ చివరి వాక్యం పటం కట్టించుకోవాలి. :)

నా వంతుగా కరీబియన్ నుంచి రెండు కథలు, ఒకటి తీపి, ఒకటి చేదు.

1964లో క్యూబాతో సంబంధాలు తెంచుకోవాలని అమెరికా దేశాల సంస్థ (ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాల కూటమి) తీర్మానం చేసింది. మెక్సికో తప్ప సభ్యులందరూ తెంచుకున్నారు. 1972 డిసెంబరు 8న బార్బడోస్, గయానా, జమైకా, ట్రినిడాడ్-టొబాగో నాలుగూ ఒకే రోజు క్యూబాతో దౌత్య సంబంధాలు పెట్టుకున్నాయి. నాలుగూ కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలు. ఒక్క జమైకానే ముందుకు వెళ్లి ఉంటే "జమైకా తిరగబడింది" అనేవారు, దానికి తగ్గ శాస్తి చేసేవారు. నలుగురూ ఒకే తేదీన చేశాక ఎవరిని దండించాలి? నలుగురితో పాటు నారాయణ అని మనం వెటకారానికి అంటాం, వాళ్లు దాన్ని విదేశాంగ విధానం చేసుకున్నారు. మూడేళ్లకు, 1975లో, ఆ సంస్థే నిబంధన సడలించింది. ఈ నాలుగు దేశాల వల్లే సడలించారని నేను అనను, కానీ గోడకు మొదట పగుళ్లు తెచ్చినవారిలో వీళ్లున్నారు.

చేదు కథ గ్రెనడాది. 1983 అక్టోబరు 19న ప్రధాని మారిస్ బిషప్‌ను సొంత పార్టీలోని ప్రత్యర్థి వర్గమే చంపించింది. 25న అమెరికా సైన్యం దిగింది. ఏ హక్కుతో దిగారయ్యా అంటే, తూర్పు కరీబియన్ దేశాల సంస్థ పిలిచింది అన్నారు. ఆ సంస్థ పుట్టి అప్పటికి రెండేళ్లు. దాని తరఫున డొమినికా ప్రధాని యూజీనియా చార్లెస్ వైట్‌హౌస్‌లో రీగన్ పక్కన నిలబడి మాట్లాడారు. ఐరాస సర్వప్రతినిధి సభ 108–9తో ఆ చర్యను తప్పుపట్టింది. కారికామ్ (కరీబియన్ దేశాల పెద్ద కూటమి) రెండుగా చీలింది: జమైకా, బార్బడోస్ సైన్యంతో పాటు వెళ్లాయి, ట్రినిడాడ్, గయానా వ్యతిరేకించాయి.

అంటే కూటమి ముద్ర పెద్ద దేశానికి కూడా పనికొస్తుంది. తాను చేయదలచుకున్న పనికి స్థానికుల ఆహ్వానపత్రం దొరుకుతుంది.

సందేహాలరావు:
నీలికలువ గారి మొదటి కథ నుంచి నాకు అర్థమైంది: కూటమి కవచం కాదు, సాకు. "నేను కాదనడం లేదండీ, మా వాళ్లందరూ కలిసి అనుకున్నాం" అని చెప్పుకోవడానికి ఒక సాకు. తప్పా?

పాతపటం:
తప్పు కాదు, సగం. ఇంతసేపూ ఆసియాన్‌ను ఎవరూ వెనకేసుకు రాలేదు, ఆ పని నేను చేస్తాను. (ముందే చెప్తున్నా, నాకు ఆ సంస్థ మీద కాస్త మమకారం ఉంది.)

1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయ్‌లాండ్ కూర్చున్నప్పుడు వాళ్ల మొదటి భయం అమెరికా కాదు, చైనా కూడా కాదు, ఒకరంటే ఒకరికి. ఇండోనేషియా, మలేషియా మధ్య కాన్ఫ్రంటాసీ పేరుతో జరిగిన పోరు ముగిసి ఏడాదే అయింది. సబా ప్రాంతం మాదని ఫిలిప్పీన్స్ అంటోంది. సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి రెండేళ్లు. ఇంట్లో కొట్లాట ఉంటే బయటివాడు పెద్దమనిషిగా వచ్చి కూర్చుంటాడు, అందుకని ముందు ఇల్లు చక్కబెట్టుకున్నారు. అగ్రరాజ్యాలతో వ్యవహారానికి ఇది మొదటి మెట్టు, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ ఐదుగురు స్థాపకుల మధ్య ఆ తర్వాత యుద్ధం రాలేదు.

రెండోది, వాళ్లు అగ్రరాజ్యాలను తరిమేయాలనుకోలేదు. అందరినీ పిలిచి కూర్చోబెట్టాలనుకున్నారు, కానీ తమ ఇంట్లో, తమ పద్ధతిలో. 1976లో బాలిలో స్నేహ సహకార ఒప్పందం రాసుకున్నారు: బలప్రయోగం వద్దు, ఇతరుల అంతర్గత వ్యవహారాల్లో వేలు పెట్టవద్దు. 2005లో తూర్పు ఆసియా శిఖరాగ్ర సమావేశం మొదలుపెట్టినప్పుడు, లోపలికి రావాలంటే ఆ ఒప్పందం మీద సంతకం ఉండాలని షరతు పెట్టారు. చైనా, భారత్ 2003లోనే పెట్టాయి. ఆస్ట్రేలియా అయిష్టంగానే 2005లో పెట్టింది. అమెరికా 2009లో పెట్టి, 2011లో లోపలికి వచ్చింది. రావు గారూ, మీరు సంతకం అడిగారు కదా. సంతకం పెట్టినవాళ్లంతా మాట మీద నిలబడ్డారా అంటే అది వేరే సంగతి.

మచ్చ కూడా చెప్పాలి. 1978 డిసెంబరులో వియత్నాం కంబోడియాలోకి వెళ్లాక ఆసియాన్ పదేళ్లకు పైగా ఐరాసలో గట్టిగా పోరాడింది, 1991 పారిస్ ఒప్పందాల దాకా. దౌత్యం నేర్చుకున్నది అక్కడే. కానీ ఆ పోరాటంలో భాగంగా ఐరాసలో కంబోడియా కుర్చీని, లక్షల మంది సొంత ప్రజల చావుకు కారణమైన ఖ్మేర్ రూజ్ వైపు ఉంచడానికి ఏటా ఓట్లు కూడగట్టింది. ఆ మనుషులు ఏం చేశారో తెలిసి కూడా. చిన్న దేశాలు కలిస్తే ధర్మం పక్షాన ఉంటాయని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

కొసమెరుపు:
ఏకాభిప్రాయం అనే పద్ధతి ఉందే, అది పెద్ద దేశానికి డిస్కౌంట్ కూపన్. పది మందిని కొనక్కర్లేదు, ఒకరు చాలు. 2012లో నాంపెన్‌లో జరిగింది అదేగా?

పాతపటం:
కొన్నారని రుజువు లేకుండా నేను అనను. కానీ ఆ ఏడాది అధ్యక్ష స్థానం కంబోడియాది, చైనాకు బాగా దగ్గరైన దేశం. చైనాతో తగాదాలో ఉన్న స్కార్‌బరో తిప్ప పేరు ప్రకటనలో ఉండాలని ఫిలిప్పీన్స్, తమ ఆర్థిక మండలి (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల సముద్రం) ప్రస్తావన ఉండాలని వియత్నాం పట్టుబట్టాయి. రెండు దేశాల మధ్య తగాదాలు ఇందులోకి రాకూడదని కంబోడియా అంది. వారం తిరిగేలోపే ఇండోనేషియా విదేశాంగ మంత్రి మార్టీ నటలెగావా పలు రాజధానులు చుట్టి ఆరు సూత్రాల ప్రకటన ఒకటి కుదిర్చాడు. అతుకు అనుకోండి, కానీ గిన్నె నిలబడింది.

తెరచాప:
కొసమెరుపు గారి కూపన్‌కు వెనకవైపు కూడా ఒకటి రాసి ఉంది. 2022 మే నెలాఖరులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ పసిఫిక్ దీవుల పర్యటనకు వచ్చాడు. పది దీవులతో కలిపి ఒకే ఉమ్మడి ఒప్పందం ముసాయిదా ముందే పంపారు: పోలీసు శిక్షణ, సైబర్ భద్రత, వాణిజ్యం అన్నీ అందులోనే. మైక్రోనేషియా సమాఖ్య అధ్యక్షుడు డేవిడ్ పాన్యూలో మిగతా దీవుల నాయకులకు ఉత్తరం రాశాడు, దీని మీద సంతకం పెడితే మనం కొత్త ప్రచ్ఛన్న యుద్ధంలో ఇరుక్కుంటామని. మే 30న ఫిజీ రాజధాని సువాలో సమావేశం. ఫలితం: "ఇంకా ఏకాభిప్రాయం రాలేదు." అంతే. చైనాకు ఎవరూ కాదని చెప్పలేదు. చైనా కూడా ఎవరి మీదా అలగలేకపోయింది.

ఏకాభిప్రాయం పని జరగకుండా ఆపడానికి చక్కగా పనికొస్తుంది, పని జరిపించడానికి పనికిరాదు. పెద్ద దేశం ఏదైనా అడుగుతున్నప్పుడు అది మీ తలుపు గొళ్లెం. మీరు పెద్ద దేశాన్ని ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు అదే మీ కాళ్లకు బంధం.

అయితే నిజాయితీగా ఇది కూడా చెప్పాలి: అదే ఏడాది ఏప్రిల్‌లో సోలమన్ దీవులు చైనాతో విడిగా భద్రతా ఒప్పందం చేసేసుకున్నాయి. కూటమి ఆపలేకపోయింది.

మోడరేటర్:
నాలుగు పోస్టులు తొలగించాను. ఇక్కడ మన దేశ పార్టీల గొడవలు, "మా నాయకుడు అయితేనా" లాంటివి వద్దు. చర్చ చాలా బాగా నడుస్తోంది, చెడగొట్టకండి.

గుడ్లగూబ:
తెరచాప గారి గొళ్లెం మాట ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఇంకో చిక్కు. పెద్దది బయట ఉంటే సరే. కూటమి లోపలే ఉంటే?

సార్క్ ఆలోచన బంగ్లాదేశ్ అధ్యక్షుడు జియావుర్ రహ్మాన్‌ది, 1980లో. అంటే చిన్న దేశం వైపు నుంచి వచ్చింది. చిన్నవన్నీ కలిసి తన మీదకు వస్తాయేమోనని భారత్ అనుమానం, ఈ వేదిక మీద భారత్ పెత్తనం చేస్తుందేమోనని పాకిస్తాన్ అనుమానం. 1985 డిసెంబరులో ఢాకాలో పుట్టేసరికి చార్టర్ పదో అధికరణంలో రెండు తాళాలు పడ్డాయి: నిర్ణయాలన్నీ ఏకగ్రీవం, ద్వైపాక్షిక వివాదాల ప్రస్తావన నిషేధం. నేపాల్‌కు భారత్‌తో ఏదైనా సమస్య ఉంటే అది ద్వైపాక్షికం, సార్క్‌లో మాట్లాడకూడదు. ఇక సార్క్‌లో ఏం మాట్లాడాలి? చివరి శిఖరాగ్రం 2014లో కాఠ్మండూలో జరిగింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది, ఇంతవరకు లేదు. దాంతో నేపాల్, శ్రీలంక, మాల్దీవులు ఎవరికి వారే గోడ మీద పిల్లి ఆట ఆడుకుంటున్నారు, ఢిల్లీ వైపు ఓసారి, బీజింగ్ వైపు ఓసారి. అది తప్పని నేను అనను. వాళ్లకు కూటమి అనే వసతి లేదు.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ దక్షిణాఫ్రికా చుట్టుపక్కల దేశాలు. 1980 ఏప్రిల్ 1న లుసాకాలో తొమ్మిది దేశాలు పెట్టుకున్న సంస్థ ఉద్దేశమే వర్ణవివక్ష దక్షిణాఫ్రికా మీద ఆధారపడటం తగ్గించుకోవడం. పెద్దదాన్ని బయట ఉంచి పెట్టుకున్నారు. 1994లో వర్ణవివక్ష పోయాక అదే దక్షిణాఫ్రికాను లోపలికి తీసుకున్నారు. ఎవరి మీద ఆధారపడకూడదని పెట్టుకున్నారో ఇప్పుడు అదే అందులో పెద్దన్న. చరిత్రకు వెటకారం ఎక్కువ.

నీలికలువ:
మీ 1939 బాల్టిక్ కథకు కొనసాగింపు నా దగ్గర ఉంది. ఆ మూడు దేశాల కరెంటు గ్రిడ్ స్వాతంత్ర్యం వచ్చిన 30 ఏళ్ల తర్వాత కూడా రష్యా, బెలారస్‌లతోనే ముడిపడి ఉండేది. కరెంటు కొనకపోయినా ఫ్రీక్వెన్సీ నిలబెట్టేది మాస్కోనే. ఒక్క దేశం విడిగా తెంచుకుంటే మిగతావి వేలాడతాయి. 2025 ఫిబ్రవరి 8న ముగ్గురూ ఒకేసారి తెంచుకున్నారు. ఒక రోజంతా ముగ్గురూ తమ సొంత కాళ్ల మీదే నడిచి, 9న పోలండ్ మీదుగా ఐరోపా గ్రిడ్‌కు కలిశారు. 1939లో ఒక్కొక్కరే మాస్కోకు వెళ్లిన దేశాలు ఈసారి కలిసి మాస్కో నుంచి బయటికి వచ్చాయి. వెనక నాటో, ఈయూ ఉన్నాయనుకోండి, అది మామూలు తేడా కాదు.

లిథువేనియా అనుభవం ఒకటి మాత్రం అంత తీపి కాదు. 2021లో విల్నియస్‌లో "తైవాన్" పేరుతో కార్యాలయం తెరవనిచ్చారని చైనా ఆ దేశ సరుకును కస్టమ్స్‌లో అడ్డుకుంది. లిథువేనియా విడిభాగాలున్న ఇతర ఐరోపా కంపెనీల మీదా ఒత్తిడి వచ్చింది. ఈయూ 2022 జనవరిలో డబ్ల్యూటీవోలో కేసు వేసింది. ఇలాంటి బెదిరింపులకు జవాబు చెప్పే కొత్త చట్టం 2023 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. తీరా 2024 జనవరిలో ఆ కేసును మధ్యలోనే ఆపేశారు. కూటమి గొడుగు పట్టింది, వాన మాత్రం లిథువేనియా మీదే పడింది.

సందేహాలరావు:
ఇప్పుడు నాకు ఒక పట్టు దొరికింది. చేతిలో కలిసి దాచిపెట్టగలిగే సరుకు ఉండాలి (ట్యూనా). ఎవరి పేరూ బయటపడకుండా పని జరగాలి (క్యూబా, సువా). ఒక్కడికి మాత్రమే ఉన్న ఆకలి మిగతావాళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే అక్కడే తెగుతుంది (విల్నియస్, నాంపెన్). ఇంతేనా? సరుకే లేని దేశాల సంగతి? వాతావరణ మార్పుల వల్ల మునిగిపోయే దీవుల దగ్గర అమ్మడానికి ఏముంది?

పాతపటం:
ఓటు ఉంది. చిన్న దీవుల కూటమి 1990లో పుట్టింది, ఇప్పుడు 39 సభ్యులు. ఐరాసలో దాదాపు ఐదింట ఒక వంతు అన్నమాట. 2015 పారిస్ ఒప్పందంలో "2 డిగ్రీలకు బాగా దిగువన" అనే మాట పక్కనే 1.5 డిగ్రీల లక్ష్యం చేరడం వెనక ఏళ్ల తరబడి వాళ్ల పట్టు ఉంది. నష్టపరిహారం లాంటి ఏర్పాటు కావాలని వనువాటు 1991లోనే ప్రతిపాదించింది. నిధి పెట్టడానికి ఒప్పుకున్నది 2022లో. ముప్పై ఒక్క ఏళ్లు!

గుడ్లగూబ:
ధర కూడా చెప్పండి పాతపటం గారూ. పారిస్‌లో "నష్టం, హాని" అనే అధికరణం పెట్టడానికి పెద్ద దేశాలు ఒప్పుకుంటూనే, ఇది బాధ్యతకు గానీ పరిహారానికి గానీ ఆధారం కాదని దానితో పాటు చేసిన నిర్ణయంలో రాయించుకున్నాయి. మాట ఇచ్చి, అర్థం వెనక్కు తీసుకున్నారు.

పాతపటం:
నిజమే. అందుకే వనువాటు వేరే తలుపు తట్టింది. పసిఫిక్ న్యాయ విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ఆలోచనను పట్టుకుని, 2023 మార్చిలో సర్వప్రతినిధి సభ చేత అంతర్జాతీయ న్యాయస్థానానికి ప్రశ్న పంపించింది. 2025 జులై 23న అభిప్రాయం వచ్చింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, ఉల్లంఘిస్తే పరిహారం దాకా వెళ్లవచ్చు. సలహా అభిప్రాయమే, అమలు చేయించే పోలీసు లేడు. అయినా పారిస్‌లో మూసిన తలుపు హేగ్‌లో కాస్త తెరుచుకుంది.

కొసమెరుపు:
ఎవరూ అడగని ప్రశ్న: ఈ సంస్థల కరెంటు బిల్లు ఎవరు కడతారు? అది తెలిస్తే సగం సందేహాలు తీరతాయి.

తెరచాప:
ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న. పసిఫిక్ దీవుల ఫోరమ్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా సభ్యులే, సభ్యత్వ చందాలో పెద్ద వాటా వాళ్లదే. నౌరు ఒప్పందం జట్టులో ఆ ఇద్దరూ లేరు. బేరాల్లో ఆ ఎనిమిది దేశాలు అంత మొండిగా ఉండగలగడానికి ఇది ఒక కారణమని నా అనుమానం.

పాతపటం:
ఆసియాన్ సచివాలయానికి అయితే సభ్యులందరూ సమానంగా కట్టాలని చార్టర్‌లోనే ఉంది. సింగపూర్ ఎంతో లావోస్ అంతే.

సందేహాలరావు:
ఏమిటీ, లావోస్, సింగపూర్ ఒకే చందానా?!

పాతపటం:
ఒకటే. అందువల్ల బడ్జెట్ ఎప్పుడూ పేద సభ్యుడు కట్టగలిగినంత దగ్గరే ఆగుతుంది, సచివాలయం చిన్నదిగానే ఉంటుంది. దానికి బదులు ఎక్కువ కట్టినవాడు ఎక్కువ మాట్లాడే ప్రమాదం తప్పుతుంది. 2025 అక్టోబరులో పదకొండో సభ్యురాలిగా చేరిన తూర్పు తిమోర్‌కు కూడా ఇది బరువే.

గుడ్లగూబ:
తూర్పు తిమోర్ పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. అది మన చర్చ మొత్తానికి అడ్డం తిరిగే ఉదాహరణ. సముద్ర సరిహద్దు, దాని కింద ఉన్న గ్యాస్ విషయంలో ఆస్ట్రేలియాతో తగాదా. తిమోర్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 2002 మేలో. సరిగ్గా రెండు నెలల ముందు, మార్చిలో, సముద్ర సరిహద్దుల విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానాల నిర్బంధ పరిధి నుంచి ఆస్ట్రేలియా తప్పుకుంది. కోర్టు దారి మూసుకుపోయింది. 2016లో తిమోర్ సముద్ర చట్టంలో అప్పటిదాకా ఎవరూ వాడని ఒక నిబంధనను, నిర్బంధ రాజీ ప్రక్రియను, వెతికి పట్టుకుని ఆస్ట్రేలియాను బల్ల దగ్గరికి లాగింది. 2018 మార్చిలో ఒప్పందం, సరిహద్దు చాలావరకు తిమోర్ కోరుకున్న మధ్యరేఖ దగ్గరే పడింది. కూటమి లేదు, ఓట్లు లేవు, ట్యూనా లేదు. ఒంటరిగా గెలిచింది.

సందేహాలరావు:
మరి ఒంటరిగా గెలవడం వచ్చిన దేశం ఆసియాన్ గుమ్మం ముందు ఎందుకు నిలబడింది? దరఖాస్తు ఎప్పుడు పెట్టింది?

పాతపటం:
2011లో. పద్నాలుగేళ్లు నిలబడింది.

నీలికలువ:
నాకు తోచిన జవాబు: ఆ రాజీలో గీత గీశారు గానీ గ్యాస్ పైపు ఎటు వెళ్లాలో తేలలేదు. తిమోర్ తీరానికా, ఆస్ట్రేలియా తీరానికా అన్నది ఏళ్ల తరబడి బేరం. ఆ బేరానికి కొత్త కొనుగోలుదారులూ పెట్టుబడిదారులూ కావాలి, చైనా పేరు కూడా మధ్యమధ్య వినిపిస్తూ ఉంటుంది. అలాంటప్పుడు ఆసియాన్ బల్ల దగ్గర కుర్చీ ఉన్న దేశంగా మాట్లాడటం వేరు, లేని దేశంగా మాట్లాడటం వేరు.

తెరచాప:
అంటే కిరిబాటి 1985లో ఆడిన ఆటే, ఈసారి గ్యాస్‌తో.

సందేహాలరావు:
ఆ రాజీ ప్రక్రియ గురించి చదివి రేపు వస్తాను. పైపు సంగతికి వేరే దారం తెరుద్దామా, ఇక్కడే కొనసాగిద్దామా?

మోడరేటర్:
వేరే దారం తెరవండి. దీన్ని పైన అతికించి ఉంచుతాను.